కాటరు పిన్ను

పాత ఇనుము కొట్టులో కాటా ఎక్కిస్తుంటే
చెయ్యడ్డం పెట్టాను.
బురదతో కలిపి పద్దెనిమిది కిలోలు,
కిలో ముప్పై రెండు లెక్కన నాదైంది.
హంబరు సైకిలు.
ముందు చక్రానికి అటూ ఇటూ జోడు గొట్టాలు,
నలుగురు మనుషులు ఒక పల్లకీని మోస్తున్నట్టు.

చేత్తో తిప్పితే ఎడమ పెడలు
చుట్టుకొకసారి టక్కుమనేది,
ఏదో గుర్తొచ్చి ఆగిపోయినవాడిలా.

"కాటరు పిన్ను అరిగిపోనాది బావూ"
బస్టాండు దగ్గర గొడుగు కింద తవిటేశు
సుత్తి ఎత్తాడు.
చెయ్యి పట్టుకు ఆపాను.
సుత్తికి వచ్చింది ఒకటే మాట.
ఆ మాటకి పిన్ను తల పుట్టగొడుగై విచ్చుకుంటుంది,
ఇక లోపలికీ పోదు, బయటికీ రాదు.

దాన్ని కొట్టకూడదు, నొక్కాలి.
నొక్కడానికో పనిముట్టు ఉండేదట,
అరచేతంత ఇనుప దవడ, దాని నడుమ ఒక మర.

గుణుపురంలో అద్దాల షాపు కుర్రాడు
ఫొటో చూసి, దాన్ని కాదు, నన్ను చూసి జాలిపడ్డాడు.
బరంపురంలో సాహుబాబు
సొరుగంతా బల్ల మీద వొంపి, మళ్లీ ఎత్తి,
"కాలి ఆసంతు" అన్నాడు.
కాలి అంటే ఒడియాలో రేపు.
మూడుసార్లు తిరిగాక
తెలుగులో కూడా అర్థమైంది, కాలి నొప్పి.
రాయగడలో తళతళలాడే స్పానర్ల సెట్టు కొన్నాను.
ఒకటి వదులు. దాని తమ్ముడు పట్టడు.
అంగుళాల్లో పుట్టిన నట్టు
మిల్లీమీటర్లలో పిలిస్తే పలకదు.

"చిన్నరైలు షెడ్డులో పనిచేసిన
దండపాణి బిసోయి ఉన్నాడా ఇంకా?"
పర్లాకిమిడి టీకొట్టులో ఎవరో ఎవరినో అడిగారు.
ఉన్నాడు.
మంచం కింద నుంచి గోనెసంచి లాగాడు.
ఒక్కో స్పానరుకీ ఒక్కో చుట్టుగుడ్డ,
ఒకటి లంగా ముక్క, ఒకటి ఎప్పటిదో ఎన్నికల జెండా.
మూడోది నా నట్టుకి సరిపోయింది,
సరిపోయిందని చెప్పక్కర్లేకుండా.
"తాకట్టేం పెడతావు?"
ఫోను తీశాను. తల అడ్డంగా ఊపాడు.
"ఫోనైతే ఇంకోటి కొనుక్కుంటావు. చెప్పులు విడు.
ఈ ఎండలో ఎంతసేపు తిరక్కుండా ఉంటావో చూస్తా."

ఉత్తికాళ్లతో, సైకిలు తోసుకుంటూ
కొమ్ముపని వాళ్ల వీధికి.
సుదాం మహారణా వైసులో అప్పటికే ఒక కొంగ ఉంది,
మెడ దాకా అయింది, కాళ్లింకా కొమ్ములోనే ఉన్నాయి.
దాన్ని తీసి పక్కన పెట్టాడు.
సైకిలుని ఇద్దరం బల్ల మీదికి ఎత్తి
పిన్ను తల ఒక దవడకి,
చిన్న గొట్టం ముక్క రెండో దవడకి ఆనించాం.
పావు తిప్పు. ఆగాడు.
ఇంకో పావు. బీడీ వెలిగించాడు.
"హొబ" అన్నాడు,
అవుతుందని, ఎప్పుడో చెప్పకుండా.

వేరుశెనక్కాయ ఒలిచినంత చప్పుడు.

బయటపడ్డ పిన్ను చుట్టూ ఒక రేకు,
పాలడబ్బాది, కత్తెరతో కోసింది.
నీలం రంగు పోలేదు, అంచున సగం అక్షరం.
అంటే నాకు ముందే ఒకడు
ఈ ఊళ్లన్నీ తిరిగి, ఎక్కడా దొరక్క,
ఒక రాత్రి దీపం ముందు కూచుని
ఖాళీ డబ్బాని కోసుకున్నాడు.
వేలు తెగే ఉంటుంది.

కొత్త పిన్నుకి పక్కచెంప కావాలి.
కొంగకి రెక్క తీసే ఆకురాయితోనే
సుదాం దాన్ని గీశాడు, వెలుగుకి ఎత్తి చూసి, మళ్లీ గీశాడు.
అరచేతిలో కొమ్ము పొడి, ఇనుప పొడి,
ఏది ఏదో ఊదితే గాని తెలియలేదు.
డబ్బులన్నాను.
కొంగ కాళ్ల వైపు చూపించి, ఆలస్యమైందన్నాడు.

రేకుముక్కని సీటు కింద తోలుసంచిలో వేసుకున్నాను.

స్పానరు ఇద్దామని వెళితే బిసోయి లేడు.
నా చెప్పులూ లేవు.
"మావయ్య వేసుకుని బజారుకెళ్లారు" అంది కోడలు.
అరుగు మీద కూచుని
చేత్తో పెడలు తిప్పాను.
చప్పుడు లేదు.
నమ్మక, ఇంకోసారి తిప్పాను.